సముద్రం దగ్గర ఎండకు భుజాలు కమిలిపోయాయి, ఇంట్లో ఏం చేయవచ్చు?

బాపట్ల కోడలు | ఆదివారం రాత్రి 9.20

అందరికీ నమస్కారం. ఈ రోజు పొద్దున మా వారు, పదేళ్ల బాబు, నేను సూర్యలంక వెళ్లాం. ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఎండ లేదు కదా అని గొడుగు కూడా కారులోనే వదిలేశాం. పదిన్నర నుంచి రెండు దాకా తండ్రీకొడుకులు నీళ్లలోనే ఉన్నారు, ఒంటి మీద పల్చటి తెల్ల బనీన్లు. ఇంటికి వచ్చేదాకా ఏమీ తెలియలేదు. సాయంత్రం ఆరింటికి స్నానం చేసి చొక్కా తొడుక్కోబోయి బాబు కేక పెట్టాడు. భుజాలు, మెడ వెనక, ముక్కు మీద కందిపోయి, చేయి పెడితే పెనంలా కాలుతున్నాయి. మా వారిది చామనచాయ కంటే ఒక పాలు ఎక్కువే, ఎరుపు కనబడటం లేదు గాని చర్మాన్ని ఎవరో లాగి కట్టినట్టు ఉందంటున్నారు.

అత్తగారు పెరుగు రాయమంటున్నారు. పక్కింటావిడ నిమ్మరసంలో తేనె కలిపి గిన్నెతో సహా తెచ్చి ఇచ్చారు. మా అమ్మ ఫోనులో కొబ్బరినూనె అంది. వీరిలో ఎవరి మాట వినాలి? జ్వరం లేదు, బొబ్బలు లేవు.

వేపచెట్టు నీడ | ఆదివారం రాత్రి 9.34

ముందు ఆ నిమ్మరసం గిన్నె వంటింట్లో పెట్టేయండి, రేపు పులిహోరకు పనికొస్తుంది. ఒంటికి మాత్రం వద్దు.

నేను ముప్పై ఏళ్లు నర్సుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. ఇప్పుడు మీరు చేయవలసింది చల్లబరచడం ఒక్కటే. కుండలో నీళ్లు చాలు, ఐసు నీళ్లు అక్కరలేదు. పాత నూలు తువాలు తడిపి, పిండి, భుజాల మీద పరవండి. వేడెక్కగానే తీసి మళ్లీ తడపండి. పది పదిహేను నిమిషాలు చేసి కాసేపు ఆపి, మళ్లీ చేయండి. ఐసు ముక్క నేరుగా పెట్టకండి, కమిలిన చర్మానికి అది ఇంకో దెబ్బ.

పెరుగు సంగతి: చర్మం చిట్లకపోతే, చల్లటి పెరుగు పది నిమిషాలు ఉంచి కడిగేస్తే హాని లేదు, హాయిగానే ఉంటుంది. ఆ హాయి చల్లదనానిది. బొబ్బ పగిలిన చోట, తోలు లేచిన చోట మాత్రం రాయకూడదు. కొబ్బరినూనెకు ఇంకా వేళ కాలేదు. ఒంట్లో వేడి ఉండగా నూనె గాని, వెన్న గాని పూస్తే ఆ వేడికి మూత పెట్టినట్టే. రెండో రోజో, మూడో రోజో చర్మం పొడిబారినప్పుడు మీ అమ్మగారి మాట వినండి.

ఇంకొకటి. ఎండకు కమిలిన ఎరుపు మూడు నాలుగు గంటల తర్వాత మొదలై మర్నాటికి ముదురుతుంది. రేపు మధ్యాహ్నానికి ఇంకా ఎక్కువగా కనబడితే మీ వైద్యం వికటించిందని కంగారు పడకండి. బాబుకు మజ్జిగ, నీళ్లు ధారాళంగా పట్టండి. పెద్ద బొబ్బలు లేచినా, చలి జ్వరం వచ్చినా, వాంతులు అయినా, మగతగా పడుకున్నా ఇంటి వైద్యం అక్కడితో ఆపి ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఏడాది లోపు పసిపిల్లలకైతే ఇవేవీ చూడనక్కరలేదు, కందిందంటే వైద్యుడి దగ్గరికే.

గాలివాన | ఆదివారం రాత్రి 9.41

పళ్లు తోముకునే పేస్టు రాస్తే చిటికెలో చల్లబడుతుంది. నేను ఎప్పుడూ అదే రాస్తాను.

వేపచెట్టు నీడ | ఆదివారం రాత్రి 9.44

చల్లగా అనిపించేది అందులోని పుదీనా సత్తు, బాబూ. ఆరిన తర్వాత అట్టకట్టి లాగుతుంది, దాన్ని కడగబోతే ప్రాణం పోతుంది. మీరు ఎన్నిసార్లు రాసుకున్నారో గాని, పిల్లవాడికి మాత్రం చెప్పకండి.

బాపట్ల కోడలు | ఆదివారం రాత్రి 10.50

అమ్మా, చాలా థాంక్స్. తడి తువాలు మూడు విడతలు వేశాం. బాబు బోర్లా పడుకుని నిద్రపోయాడు. మా వారు నాకేం కాదంటూ తిరిగి, చివరకు ఆయనే రెండో తువాలు అడిగారు. నిమ్మరసం ఎందుకు వద్దన్నారో తెలుసుకోవచ్చా? పక్కింటావిడకు ఏదో ఒకటి చెప్పాలి.

గూడూరు నిమ్మ | సోమవారం ఉదయం 6.15

ఆ ప్రశ్నకు నేను జవాబు చెబుతాను, నా చేతులే సాక్ష్యం.

మాది గూడూరు దగ్గర నిమ్మతోట. నాలుగేళ్ల కిందట ఊరి సెంటర్లో చలివేంద్రం పెట్టాం. ప్రారంభం రోజున నిమ్మరసం ఇద్దామని నేనే కూర్చుని పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా కాయలు కోసి పిండాను. పందిరి ఉంది గాని, నేను కూర్చున్న చోట ఎండ పడుతోంది. చేతులు తువాలుకు తుడుచుకున్నాను తప్ప కడుక్కోలేదు. ఆ సాయంత్రం ఏమీ లేదు. మర్నాడు రాత్రి వేళ్ల సందుల్లో మంట. రెండో రోజు లేచి చూస్తే చేతి వెనక బొబ్బలు, అక్కడి నుంచి మోచేతి దాకా రసం కారిన దారి ఎక్కడుందో అక్కడే, గీత గీసినట్టు ఎర్రటి చారలు. ఏదో విషపురుగు పాకిందనుకున్నాం. మా ఆవిడ దిష్టి కూడా తీసింది.

చర్మ వైద్యుడు చూడగానే మీరు నిమ్మకాయల వ్యాపారమా అని అడిగాడు. నిమ్మ తొక్కలోను, రసంలోను సోరాలెన్ల జాతి పదార్థాలు ఉంటాయట. చీకట్లో అవి ఏమీ చేయవు. చర్మం మీద ఉండగా ఎండ తగిలితే, ఆ ఎండలోని అతినీలలోహిత కిరణాలతో కలిసి చర్మాన్ని కాల్చేస్తాయి. బొబ్బలు పది రోజుల్లో మానాయి. గోధుమరంగు చారలు పోవడానికి మాత్రం ఆరు నెలలు పట్టింది. బాగా మొహం మెరవాలని నిమ్మరసం రాసుకుని పొలానికో, కాలేజీకో వెళ్లేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఇప్పటికీ మా తోటలో కోత అయ్యాక సబ్బుతో కడుక్కోకుండా ఎవరినీ ఎండలోకి వెళ్లనివ్వను.

ఇక కమిలిన చర్మానికైతే సోరాలెన్ దాకా వెళ్లనక్కరలేదు. పుండు మీద పులుసు పోస్తే ఏమవుతుందో పక్కింటావిడకు తెలియకపోదు.

పాత మిద్దె | సోమవారం ఉదయం 7.02

గూడూరు వారు చెప్పిన సోరాలెన్ మన పెద్దలకు కొత్త కాదు. బొల్లి మచ్చలకు బావంచాల లేపనం పూసి ఎండలో కూర్చోబెట్టేవారు చూశారా, బావంచాల్లో ఉండేది అదే. మచ్చలో రంగు రప్పించడానికి కొలత ప్రకారం వాడే మందును మనం అందానికి కొలత లేకుండా పూసుకుంటున్నాం.

నేను కడప వాడిని, డెబ్బై దాటాయి. కలబంద గురించి ఇంకా ఎవరూ ఎత్తలేదేమిటి? కాని, కోయగానే పూయకండి. మట్టను మొదట్లో కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా ఒక గ్లాసులో పావుగంట నిలబెట్టండి. పసుపు పచ్చటి చేదు రసం కారుతుంది. దాన్ని ఎండబెట్టినదే ముసాంబరం, పాలు మాన్పించడానికి తల్లులు రాసుకునేది. అది చర్మానికి పడదు, దురద పుట్టిస్తుంది. అది పూర్తిగా కారాక అంచుల ముళ్లు చెక్కి, పై తోలు తీసి, లోపలి తెల్లటి గుజ్జును రెండు నీళ్లలో కడగాలి. ఫ్రిజ్జులో అరగంట పెట్టి, ముందు మణికట్టు లోపలి వైపు కొంచెం రాసి చూసి, దురద లేకపోతే భుజాలకు పూయండి. అంగడిలో సీసాలో దొరికే ఆకుపచ్చ రంగు కలబంద కంటే ఇది నయం. వాటిలో కొన్నింటికి సువాసన కలుపుతారు, కమిలిన చోట అది భగ్గుమంటుంది.

మా అవ్వ ఇంకొకటి చేసేది. ఆవునెయ్యి చారెడు తీసుకుని వెడల్పాటి రాగి పళ్లెంలో వేసి, చెంబెడు నీళ్లు పోసి, అరచేత్తో గుండ్రంగా రుద్దేది. నీళ్లు తెల్లబడగానే వంచేసి కొత్త నీళ్లు పోసేది. ఇలా వందసార్లు. లెక్క తప్పకుండా పక్కన చింతగింజలు పెట్టుకుని ఒక్కొక్కటి జరిపేది. ముప్పై దాటాక నెయ్యి రంగు మారుతుంది. డెబ్బై దగ్గర వాసన పోతుంది. చివరకు అది నెయ్యి కాదు, తెల్లగా వెన్నలా, చేతికి అంటని చల్లటి లేపనం. శతధౌత ఘృతం అంటారు. కాలినా, కమిలినా రెండో రోజు నుంచి అదే. మేము పిల్లలం చింతగింజలు దొంగిలించి అవ్వ లెక్క తప్పించేవాళ్లం.

గాలివాన | సోమవారం ఉదయం 7.30

తాతగారూ, నిన్న అమ్మగారేమో వెన్న, నూనె వద్దన్నారు, మీరేమో నెయ్యి అంటున్నారు!

పాత మిద్దె | సోమవారం ఉదయం 8.10

రెండో రోజు నుంచి అన్నాను కదయ్యా, కళ్లద్దాలు పెట్టుకుని చదువు. మొదటి రోజు మా అవ్వ కూడా తడిబట్టే వేసేది. వందసార్లు కడిగాక అందులో నీరు కలిసిపోయి అది జిడ్డుగా ఉండదు, పెట్టెలోని నెయ్యితో పోలిక లేదు. అయినా బాపట్ల అమ్మాయి ఇంట్లో ఈ రోజు కూర్చుని వందసార్లు కడగమని నేను చెప్పడం లేదు. గుర్తొచ్చి చెప్పాను.

ఉప్పుగాలి | సోమవారం మధ్యాహ్నం 1.25

అందరూ కమిలిన తర్వాత సంగతి చెబుతున్నారు. మబ్బు రోజున ఎందుకు కమిలిందో ఎవరూ అడగలేదు.

పల్చటి మబ్బు వేడిని ఆపినంతగా అతినీలలోహిత కిరణాలను ఆపదు. తేలిక మబ్బుల్లో నూటికి ఎనభై పాళ్ల దాకా కిందికి దిగుతాయి. దానికి తోడు పొడి ఇసుక నూటికి పదిహేను పాళ్లు, నురగ తేలే అలలు పాతిక పాళ్ల దాకా తిరిగి పైకి విసురుతాయి. గొడుగు కింద కూర్చున్నా గడ్డం కిందనుంచి కమిలేది అందుకే. ఇక బనీను. తెల్లటి పల్చటి నూలు గుడ్డ పొడిగా ఉన్నప్పుడే అంతంత మాత్రం కాపలా. తడిస్తే ఆ కాపలాలో కూడా చాలా భాగం పోతుంది. మీ వారు చొక్కా వేసుకున్నాననుకున్నారు గాని, ఎండకు మాత్రం ఆయన చొక్కా లేకుండానే ఉన్నారు.

మా అమ్మ చినగంజాం దగ్గర ఉప్పు మళ్లలో పాతికేళ్లు పని చేసింది. కింద నీళ్లు, ముందు ఉప్పు కుప్ప, పైన ఎండ, మూడు వైపుల నుంచీ కొడుతుంది. ఆడవాళ్లందరూ చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా వేసుకుంటారు, మా నాన్న పాత చొక్కాలన్నీ అక్కడికే పోయేవి. తలకు, చెంపలకు కలిపి తువాలు, కళ్లు మాత్రం కనబడేలా. తెల్లవారుజామున నాలుగున్నరకు వెళ్లి పది గంటలకల్లా గట్టెక్కేవాళ్లు. ఏ లేపనమూ రాసుకోవడం నేను చూడలేదు. ముఖం మీద ముడతలు వచ్చాయి గాని, ఎండకు తోలు లేచి ఒక్క రోజూ పని మానలేదు.

బట్ట ఎంచుకోవడానికి ఒక చిన్న పరీక్ష: దీపానికి అడ్డంగా పట్టి చూడండి. వెలుగు చిల్లుల్లోంచి కనబడితే ఎండ కూడా అలాగే దూరుతుంది. దట్టమైన నేత, ముదురు రంగు అయితే కిరణాలు తక్కువగా దిగుతాయి. వేసవికి తెలుపే మంచిదనేది వేడి మాట వరకు నిజం.

మెల్‌బోర్న్ మామయ్య | సోమవారం మధ్యాహ్నం 3.05

వేడి వేరు, కాల్చే కిరణం వేరు. ఈ ముక్క నాకు తెలియడానికి ఒక క్రికెట్ మ్యాచి పట్టింది. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది, డిసెంబరు నెల (ఇక్కడ అది వేసవి), ఇరవై డిగ్రీలు, చల్లగాలి. విజయవాడ ఎండలు చూసినవాడిని, ఇదొక ఎండా అని మధ్యాహ్నమంతా ఫీల్డింగ్ చేశాను. మూడో రోజు చెవుల అంచులు పొట్టు రాలాయి. చెవులు కూడా ఎండకు కమిలిపోతాయని అప్పటిదాకా నాకు తెలియదు.

ఇక్కడ వాతావరణ సమాచారంలో ఉష్ణోగ్రతతో పాటు అతినీలలోహిత సూచిక కూడా చెబుతారు. 3 గాని, అంతకు మించి గాని ఉంటే ఒళ్లు కప్పుకోమంటారు, 11 నుంచి అత్యంత తీవ్రం కింద లెక్క. మా వేసవిలో 11 దాటడం మామూలే, ఏప్రిల్, మే నెలల్లో మన తెలుగు రాష్ట్రాల్లోనూ మధ్యాహ్నం అంతే ఉంటుంది. మన ఫోనులో కూడా ఆ అంకె కనబడుతుంది, ఎవరూ చూడరు. ఫోను లేకపోతే నీడ చూసుకోండి. మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే సూర్యుడు గట్టిగా ఉన్నట్టు.

మెల్‌బోర్న్ ఉన్న మా విక్టోరియా రాష్ట్రంలో 1981 నుంచి చొక్కా తొడుక్కో, క్రీము పూసుకో, టోపీ పెట్టుకో అని ప్రచారం చేస్తున్నారు. మా మనవరాలి బడిలో టోపీ తేకపోతే ఆటస్థలంలోకి పోనివ్వరు, నీడలో కూర్చోవాలి. క్రీము విషయం కూడా చెబుతాను, ఇది ఇంటి వైద్యం కాదని కోప్పడకండి. ఎండకు పూసే క్రీము డబ్బా మీద ఎస్‌పీఎఫ్ (కాపలా కొలత) 30 అంటే కమిలించే కిరణాల్లో నూటికి 97 ఆపుతుంది, 50 అంటే 98. తేడా అంతే. అంకె కంటే ఎంత పూశారన్నది ముఖ్యం. ముఖానికి, మెడకు కలిపి టీ చెంచాడు కావాలి, రెండు గంటలకోసారి, నీళ్లలోంచి రాగానే మళ్లీ. మనవాళ్లు బొట్టు పెట్టుకున్నంత పూసి పని చేయలేదంటారు.

కొబ్బరినూనె, నువ్వులనూనె ముందే పూసుకుని వెళితే ఎండ తగలదని ఒక నమ్మకం ఉంది. వాటి కాపలా చాలా తక్కువ. సముద్రానికి వాటిని నమ్ముకుని వెళ్లకండి.

స్టీరింగు | సోమవారం రాత్రి 8.15

కారు అద్దం సంగతి కూడా చెప్పండి సార్. నేను పదిహేనేళ్లుగా క్యాబు నడుపుతున్నాను. నా రెండు చేతులు పక్కపక్కన పెడితే ఇద్దరు మనుషుల చేతుల్లా ఉంటాయి. కుడి చేయి కాఫీ పొడి, ఎడమ చేయి కాఫీ.

మెల్‌బోర్న్ మామయ్య | సోమవారం రాత్రి 8.40

పక్క అద్దం ఎత్తి ఉంటే కమిలించే కిరణాలు దాదాపు ఆగిపోతాయి గాని, రంగు మార్చి ముడతలు తెచ్చేవి చాలావరకు దూరుతాయి. మీరు అద్దం దించి మోచేయి బయట పెట్టి నడుపుతారు కదూ? అప్పుడు రెండూ తగులుతాయి. బండి మీద వెళ్లే అమ్మాయిలు వేసుకునే పొడుగు నూలు చేతితొడుగులు ఒక జత కొనుక్కోండి.

సిరిమల్లె | మంగళవారం ఉదయం 10.20

ఈ చర్చలోనే అడుగుతున్నాను. ఎండకు నల్లబడిన చేతులు తెల్లబడటానికి సున్నిపిండి, ముల్తానీ మట్టి ఎన్ని రోజులు వాడాలి?

నిర్వాహకుడు | మంగళవారం ఉదయం 10.45

సిరిమల్లె గారూ, మేనిచాయ గురించి వేరే చర్చ తెరవండి. ఇక్కడ కమిలిన చర్మం వరకే. కమిలినవాళ్లు ఎవరైనా చదువుతుంటే మాత్రం ఒక మాట: తోలు పూర్తిగా మానేదాకా సున్నిపిండి, శనగపిండి, మట్టి, గరుకు పీచు ఏదీ తగలనివ్వకండి.

మందుల చీటి | మంగళవారం మధ్యాహ్నం 2.30

మందుల దుకాణంలో ఇరవై ఏళ్లుగా నిలబడుతున్నాను. ఎప్పుడూ లేనిది ఈసారే ఎండ తగలగానే కమిలిపోయిందని వచ్చేవాళ్లను నేను మొదట అడిగేది, ఏమైనా కొత్త మాత్రలు వాడుతున్నారా అని. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడేటప్పుడు చర్మం ఎండకు తొందరగా లొంగుతుంది. రక్తపోటుకు ఇచ్చే హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా అంతే, మొటిమలకు రాసే కొన్ని క్రీములు కూడా. అలాగని మాత్ర మానేయకండి, వైద్యుడికి చెప్పి ఎండకు జాగ్రత్త పడండి. బాపట్ల కోడలు గారూ, మీ వారు ఏమైనా వాడుతున్నారా?

నొప్పికి బాబుకు పారాసెటమాల్ బరువును బట్టి ఇవ్వవచ్చు. ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. కాలమైన్ లోషన్ పాతకాలపుదే అయినా దురదకు బాగానే పని చేస్తుంది.

గాలివాన | మంగళవారం సాయంత్రం 5.50

అన్నట్టు దీనికి తెలుగులో పేరేమిటి? వడదెబ్బ అంటే ఇదే కదా?

పాత మిద్దె | మంగళవారం రాత్రి 7.15

కాదు. వడదెబ్బ ఒంటి లోపలిది, నీరు ఇగిరిపోయి, వేడి తలకెక్కి మనిషి పడిపోవడం. అది ప్రాణాంతకం, దానికి ఈ గుజ్జులూ లేపనాలూ కాదు, వెంటనే చల్లబరచి ఆసుపత్రికి చేర్చాలి. ఇది చర్మం మీదిది. మనవాళ్లు కందిందనో, కమిలిందనో, తోలు లేచిందనో క్రియతోనే చెప్పుకున్నారు గాని పేరు పెట్టలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న జాతి మనది, భుజం కమిలితే దానికొక పేరా అనుకున్నారేమో.

బాపట్ల కోడలు | శుక్రవారం రాత్రి 9.05

ఆలస్యంగా వచ్చినందుకు క్షమించండి. సోమవారం మధ్యాహ్నం నిజంగానే ముదిరింది. వేపచెట్టు నీడ అమ్మ ముందే చెప్పి ఉండకపోతే భయంతో ఎక్కడికో పరుగెత్తేదాన్ని. మంగళవారం నుంచి కలబంద, పాత మిద్దె గారు చెప్పినట్టు గ్లాసులో నిలబెట్టి తీశాను. గ్లాసు అడుగున పసుపు రసం చూసి అత్తగారు, ఇన్నాళ్లూ నేను ఇది కూడా కలిపే రాశానే అన్నారు. బాబుకు నొప్పి తగ్గింది. మా వారు ఏ మాత్రలూ వాడటం లేదు, ఆయనకు ఎరుపు కనబడకపోయినా ఇద్దరిలో ఎక్కువ మూలిగింది ఆయనే.

ఇప్పుడు బాబు భుజాల మీద ఉల్లిపొరలా తోలు లేస్తోంది. బడిలో స్నేహితులతో కలిసి పందెం వేసుకుని లాగుతున్నాడట. పరవాలేదా?

వేపచెట్టు నీడ | శుక్రవారం రాత్రి 9.20

లాగనివ్వకండి. దానంతట అదే రాలాలి. వేలాడే పొర ఉంటే చిన్న కత్తెరతో కత్తిరించండి, అంతే. కింద కొత్త చర్మం చాలా లేతది, పది పదిహేను రోజులు ఎండ తగలకుండా పొడుగు చేతుల చొక్కా వేసి పంపండి. స్నానం కాగానే, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగా కొబ్బరినూనె పల్చగా రాయండి. మీ అమ్మగారికి ఫోను చేసి చెప్పండి, ఆవిడ వంతు వచ్చిందని.